ఎడమచేతి మడత

బ్రూస్‌పేటలో రాజగోపాలయ్య బట్టలంగడి పెళ్ళిచీరలకు పెట్టింది పేరు. అంత అంగడి ఉన్నా, ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ తొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్క కొత్త చీరనూ వచ్చింది వచ్చినట్టు కట్టుకున్నది లేదు. ఆయన పిసినారి అనుకునేరు, పాపం అదేం కాదు. ఆమె రెండో భార్య. మొదటి భార్య యశోదమ్మ ముత్తైదువగా పోయింది. వాళ్ళ ఇళ్ళలో అట్లా పోయిన మనిషి ఇల్లు వదిలి పోయినట్టు కాదు. రెండో ఆమె మెడలో మొదటి ఆమె పేరిట ఒక బంగారు బిళ్ళ వేలాడుతుంది. ఇంట్లోకి చీర వచ్చినా, గాజులు వచ్చినా, కొత్త చింతపండు వచ్చినా ముందు పోయినామె పటం దగ్గర పెట్టాలి. పసుపు కుంకుమ చల్లి, ఒక పూట ఆగి, అప్పుడు తీసుకోవాలి.

"ముందు అక్కకి." ఆ ఇంట్లో లక్ష్మీకాంతమ్మ అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట ఇదే.

ఇంకో కట్టడి కూడా ఉంది. పోయినామె ఊసు రెండో ఆమె దగ్గర ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఇద్దరికీ చెరుపని నమ్మకం. కాబట్టి రోజూ దీపం పెట్టే ఆ మనిషి గురించి లక్ష్మీకాంతమ్మకు తెలిసింది పిడికెడు. పేరు తెలుసు. జ్వరంతో పోయిందని తెలుసు. పటంలో ముఖం చూడవచ్చు గానీ, ఫోటో తీసేటప్పుడు కదిలిందేమో, కళ్ళు అలుక్కుపోయి ఉంటాయి. నవ్వుతుందో కోపంగా ఉందో చెప్పడం కష్టం. ఆమె నవ్వేదా, పాడేదా, ఉప్పు ఎక్కువ తినేదా? అడిగితే రాజగోపాలయ్య "ఇప్పుడెందుకే అవన్నీ" అని తుండు దులిపి భుజాన వేసుకుని అంగడికి పోతాడు.

లక్ష్మీకాంతమ్మది ఆదోని. చిన్నప్పుడే తల్లి పోయింది. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడాదే ఆమె ఈ ఊరి కోడలైంది. ఊరు ఏ రాష్ట్రానిదో ఊరివాళ్ళకే ఇంకా అలవాటు కాని రోజులవి. ఆమెకూ తను ఎవరి ఇంట్లో ఉందో అలవాటు కాలేదు. అప్పుడు రూపనగుడి నుంచి పంపమ్మ వచ్చింది. ఆమె యశోదమ్మ తల్లి. కూతురి స్థానంలో వచ్చిన పిల్లను చూసి కడుపు మండాల్సిన మనిషి, వచ్చీ రాగానే లక్ష్మీకాంతమ్మ ఒళ్ళో బియ్యం, బెల్లం, రవికగుడ్డ పోసింది. "పోయిన బిడ్డ తిరిగొచ్చె. ఇంగ నీకు పుట్టిల్లు రూపనగుడే" అంది. అంటే అనడమే కాదు. లక్ష్మీకాంతమ్మ రెండు కాన్పులూ పంపమ్మే చేసింది. నలుగు పెట్టి, బాలింత కాయం తినిపించి, తలకు గుడ్డ కట్టి పంపింది. ఈ లోకంలో లక్ష్మీకాంతమ్మ "అమ్మా" అని పిలవడానికి ఉన్నది ఆ ఒక్క మనిషే. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దీని మీదే నడుస్తుంది.

అంగడికి మద్రాసు నుంచి ఒక మాసపత్రిక వచ్చేది. రాజగోపాలయ్య అందులో రాశిఫలాలు చూసి ఇంటికి పంపేవాడు. మిగిలిందంతా లక్ష్మీకాంతమ్మదే. దయ్యాల కథలంటే ఆమెకు భయం. భయం కాబట్టే ఇష్టం. ఒక్కో కథ చదివి, వంటింట్లోకి పోవడానికి కూడా జంకి, పట్టపగలు దీపం వెలిగించుకుని పోయేది. ఎనిమిదో క్లాసు దాకా చదివిన చెయ్యి, ఊరికే ఉంటుందా? యాభై ఏడులో, పెద్దవాడు ఉయ్యాల్లో నిద్రపోయే మధ్యాహ్నాల్లో, పద్దు పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాల మీద తనూ ఒక కథ రాసింది.

కథ చిన్నదే. ఒక బట్టలవ్యాపారి ఇల్లు. రెండో భార్య కొత్త చీర తెచ్చి మొదటి ఆమె పటం ముందు అలమారలో పెడుతుంది. అంగడి మడత ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు, బేరానికి వచ్చినవాళ్ళకు కొంగు కనబడాలి కాబట్టి కొంగు పైకి ఉంటుంది. ఆమె తిరిగొచ్చి చూస్తే కొంగు లోపలికి పోయి ఉంటుంది, మడత అంచు రెండో వైపుకు తిరిగి ఉంటుంది. ఆమె సరిచేస్తుంది. మళ్ళీ అదే. మూడోసారి అలమార తలుపు సందులోంచి చూస్తుంది. లోపల ఒక చెయ్యి చీర మడుస్తూ ఉంటుంది. ఎడమ చెయ్యి. ముఖం లేదు, గొంతు లేదు, ఆ చెయ్యే. రెండో భార్య అరవదు. అక్కడే కూర్చుని ఆ మడత నేర్చుకుంటుంది. అంతే కథ.

రాస్తున్నప్పుడు అంతా తను కల్పిస్తున్నట్టే ఉంది. రాయడం అయిపోయాక, తను కూడా ఒకనాడు అలమారలో చీర తిరగబడి ఉండడం చూసినట్టు అనిపించింది. చూసిందా? చూస్తే ఏ చీర? ఆకుపచ్చదా, ఎర్రంచుదా? ఎంత గింజుకున్నా తేలలేదు.

కథ కింద పేరు రాయాల్సి వచ్చింది. అక్కడ ఆమె చేసిన పని ఆ ఇళ్ళ ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. కొత్తది ఏదైనా ముందు అక్కకి కదా! చీరకు ఉన్న మర్యాద కథకు ఉండొద్దా? మొదటి కథ అక్క పేరున పోనీ, రెండోది నా పేరున రాసుకుంటా అనుకుని, "యశోదమ్మ, బ్రూస్‌పేట, బళ్ళారి" అని రాసి పోస్టులో వేసింది. మోసం చేద్దామనీ కాదు, భక్తీ కాదు. అలవాటు.

కథ అచ్చయింది. పత్రికను ఒక పూట పటం ముందు పెట్టి, తర్వాత ట్రంకుపెట్టె అడుగున దాచింది. రెండో కథ రాయనే లేదు. చిన్నవాడు పుట్టాడు, మిరపకాయలు ఎండబెట్టాలి, అప్పడాలు ఒత్తాలి. ఆడవాళ్ళ రెండో కథలు చాలామటుకు అట్లానే పోతాయి.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం పోస్టుమాను గాళెప్ప గడపలో నిలబడి తల గోక్కున్నాడు.

"అమ్మావరే, యశోదమ్మావరి పేరున కాగద వచ్చుండాది. మద్రాసు నుంచి. ఆయమ్మ పోయి ఎన్నేండ్లాయె! వాపస్ పంపల్లంటే 'మనిషి లేరు' అని రాయల్ల. ఏం చేసేది?"

లక్ష్మీకాంతమ్మ నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"లేరని ఎవరు చెప్పిరి గాళెప్పా? ఈ ఇంట్లో ముందు ఆమెకి రాకుండా నాకేదీ రాదు. ఇట్లియ్యి, పటం ముందు పెడతా."

"హౌదు, అదీ నిజమే" అని గాళెప్ప తేలిగ్గా ఇచ్చేసి పోయాడు. పద్ధతి తెలిసిన మనిషి.

ఎవరో సినిమా కంపెనీవాళ్ళు. మీ కథను బొమ్మగా తీయాలనుకుంటున్నాము, అనుమతి ఇవ్వగలరు అని రాశారు. ఆ కాగితాన్ని లక్ష్మీకాంతమ్మ పటం ముందు పెట్టి, ఒక పూట ఆగి, "అట్లే కానీండి" అని రాసి, కింద యశోదమ్మ అని సంతకం చేసింది. ఆ సంతకం పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. కథకు పేరు పెట్టడం వేరు. బతికున్న మనిషి చచ్చిపోయిన మనిషి చేవ్రాలు చేయడం వేరు. ఆ చేవ్రాలు ఎట్లా ఉండేదో కూడా తనకు తెలియదు. అయినా చేసింది. మొగుడితో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి, ఆ మొదలు ఎక్కడుందో ఆమెకే దొరకలేదు.

అరవై రెండులో ఆ బొమ్మ బళ్ళారికి వచ్చింది. ఎద్దుబండికి రెండు వైపులా తడికలు కట్టి, వాటికి రంగుల కాగితాలు అంటించి, డప్పు కొట్టుకుంటూ బ్రూస్‌పేట వీధుల్లో తిప్పారు. లక్ష్మీకాంతమ్మ పక్కింటి కొట్రమ్మను తోడు తీసుకుని మ్యాట్నీకి పోయింది. తెర మీద పేర్లు పడుతున్నాయి. "కథ: యశోదమ్మ, బళ్ళారి." అక్షరాలు తాటికాయంత ఉన్నాయి. లక్ష్మీకాంతమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొట్రమ్మ మాత్రం నోరు తెరిచి ఒకసారి తెర వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది.

తర్వాత కథ మొదలైంది. ఎవరి కథ? బట్టలంగడి లేదు, సముద్రం ఒడ్డున జమీందారు మేడ ఉంది. బళ్ళారిలో సముద్రమా! ఏటికి నాలుగు నీళ్ళొస్తేనే ఇక్కడ జనం పరుగెత్తిపోయి చూస్తారు. దయ్యం తెల్లచీర కట్టుకుని ఉయ్యాలూగుతూ పాట పాడింది. వంటవాడొకడు దాన్ని చూసి గారెల మూకుడు నెత్తిన బోర్లించుకుని పరుగెత్తాడు, హాలంతా ఈలలు. ఇదంతా ఎట్లాగో ఓర్చుకోవచ్చు. కానీ సగం బొమ్మయ్యాక, రెండో భార్య మొదటి భార్యను వెనకనుంచి బావిలోకి తోసింది. తోసి, బావి గట్టున కూర్చుని జడ సరిచేసుకుంది.

లక్ష్మీకాంతమ్మ ఒక మాట రాస్తే వీళ్ళు వంద మాటలు చేశారు, సరే. తను రాసిన ఆ భయపడే పిల్లను హంతకురాలిని చేశారు. మొత్తం బొమ్మలో తనదంటూ మిగిలింది ఒక్కటే. చివరికి అలమార తలుపు తెరుచుకుని, లోపలినుంచి ఒక ఎడమ చెయ్యి వచ్చి, చీర కొంగు లోపలికి పెట్టి నిదానంగా మడిచింది. ఆ ఒక్క నిమిషం హాల్లో ఈల లేదు. లక్ష్మీకాంతమ్మ తన కథకు తనే భయపడి కొట్రమ్మ చెయ్యి పట్టుకుంది. కొట్రమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

వారం తిరక్కముందే బ్రూస్‌పేటలో గుసగుస బయలుదేరింది. యశోదమ్మ పోకముందే అంతా రాసి పెట్టిందంట. సవతి చంపుతుందని ఆమెకు ముందే తెలుసంట. కాదు, పోయాకే రాసిందంట, గాళెప్ప చేత మద్రాసు కాగితాలు కూడా తెప్పించుకుందంట. యశోదమ్మ పోయిన ఏడాదికి గానీ లక్ష్మీకాంతమ్మ ఈ ఊరి పొలిమేర తొక్కలేదని ఎవరికీ గుర్తు రాలేదు. ఊరి నోళ్ళు మూయడానికి మూకుళ్ళు దొరకవు. నీళ్ళ కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరిగాయి.

ఆమెకు దారి ఒక్కటే, ఆ కథ రాసింది నేను అని చెప్పడం. చెబితే? చచ్చిపోయిన మనిషి పేరు పెట్టి, చేవ్రాలు చేసి, ఆమెను దయ్యాన్ని చేసి ఊరందరికీ చూపించినదానివి నువ్వా అంటారు. ఊరు అంటే అననీ. ఆ మాట పంపమ్మ అంటే? మింగలేక కక్కలేక లక్ష్మీకాంతమ్మ సగమైంది. అసలు ఆ కథ తనదేనా అన్నది కూడా ఆమెకు తేలడం లేదు. తను రాసింది ఒకటి, తెర మీద ఉన్నది ఒకటి, పేరు ఇంకొకరిది. కళ్ళు మూసుకుంటే తను రాసిన అలమార కనబడదు, సినిమా అలమారే కనబడుతుంది.

రాజగోపాలయ్యకు ఇంకో తికమక. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"యశోద రాసేదేంది కాంతా? ఆమెకి ఓనమాలు కూడా సరిగ్గా రావు. అంగడి చీటీ చదవమంటే నవ్వుతాండె."

నవ్వేదన్నమాట! తొమ్మిదేళ్ళలో ఆ మనిషి గురించి ఆయన నోట విన్న మొదటి సంగతి అది. ఇదే సమయం, చెప్పెయ్ అనుకుంది లక్ష్మీకాంతమ్మ. నోరు తెరిచేలోగా ఆయనే తేల్చుకున్నాడు. "యశోదమ్మలు ఊరికి నూరు మంది ఉంటారు. మజ్జిగ పొయ్యి."

ఆ శుక్రవారం రూపనగుడి బస్సు దిగి పంపమ్మ వచ్చింది. చేతిలో సంచి. గడపలో కాళ్ళు కడుక్కుంటూనే అడిగింది.

"నా బిడ్డ కథ రాసిందంట, తెర మీద వస్తాందంట. మా ఊరోళ్ళు చూసొచ్చి చెప్పిరి. నన్ను పిలుచుకపో అమ్మణ్ణీ."

సంచిలోంచి ఒక్కొక్కటే తీసింది. పసుపు, కుంకుమ, మల్లెపూలు, కొబ్బరికాయ, ఒక కొత్త చీర, మామిడిపండు రంగుది. కూతురు పుట్టింటికి వచ్చినప్పుడు పెట్టే సారె. దాన్ని టాకీసుకు తీసుకుపోతుందట.

"అమ్మా, అది ఉత్త సినిమా. దయ్యాల సినిమా. నువ్వు చూడలేవు" అంది లక్ష్మీకాంతమ్మ.

"నా బిడ్డ దయ్యమైతే నాకేం భయమే? పదేండ్లాయె దాన్ని చూసి."

ఇంకేమంటుంది? మ్యాట్నీకి జట్కా కట్టించింది.

ఆడవాళ్ళ బెంచీల మీద పంపమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేర్లు పడగానే "యాడ, యాడ?" అంది. ఆమెకు కన్నడం కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ తెలుగు అక్షరాలు రావు. లక్ష్మీకాంతమ్మ చూపించింది. పంపమ్మ లేచి నిలబడి, కుంకుమ చిటికెడు తీసి తెర వైపు చల్లింది. అది ముందు బెంచీలో కూర్చున్నామె నెత్తిన పడింది, ఆమె తిట్టింది, పంపమ్మ వినలేదు. "నేను పలకా బలపం ఇప్పిస్తే పారేసె. పోయినాక నేర్చుకున్యాదా?" అని తనలో తను అనుకుంటోంది.

ఉయ్యాల పాటకు పంపమ్మ ముఖం చిట్లించింది. "నా బిడ్డకి ఇంత గొంతు యాడిది?" వంటవాడి దగ్గర నవ్వింది. బావి వచ్చింది. తెర మీద రెండో భార్య తోసింది. పంపమ్మ చెయ్యి అంతవరకూ లక్ష్మీకాంతమ్మ మోకాలి మీద ఉంది. ఇప్పుడు లేదు. సంచి మీదికి పోయింది. అయిపోయింది, నా పుట్టిల్లు పోయింది అనుకుంది లక్ష్మీకాంతమ్మ. చీకట్లో ఆ ముసలి ముఖం వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

చివరికి అలమార తెరుచుకుంది. ఎడమ చెయ్యి వచ్చింది. కొంగు లోపలికి పెట్టింది. పంపమ్మ గబుక్కున లేచింది. సంచి జారి కొబ్బరికాయ బెంచీల కింద దొర్లిపోయింది.

"అది నా బిడ్డ చెయ్యే!" అని అరిచింది. అరిచి, ఆ తెర మీది చెయ్యి మాయమయ్యే దాకా రెండు చేతులూ చాచి నిలబడింది. ముసలావిడ జడుసుకుందని చుట్టూ జనం నవ్వారు. లక్ష్మీకాంతమ్మకు నవ్వెందుకో ఏడుపెందుకో, అసలు తనెక్కడుందో ఏమీ అర్థం కాలేదు.

జట్కా ఇంటి ముందు ఆగేటప్పటికి దీపాలు పెట్టే వేళ. కొట్రమ్మ అరుగు మీద ఆ క్షణం కోసమే కాచుకుని ఉంది.

"నోడిదిరా పంపమ్మా? బావి సీను చూస్తివా?" అంది తేనెపూసిన గొంతుతో.

పంపమ్మ జట్కా కమ్మీ పట్టుకుని నిదానంగా దిగి, కొట్రమ్మ ముందుకే పోయి నిలబడింది.

"చూస్తి. నా బిడ్డ బావిలో పోలేదు. జొరం వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని పోయినాది. అప్పటికి ఈ పిల్ల ఆదోనిలో ఉండె, మా మొగమే ఎరగదు. సినిమా చూసొచ్చి ఇంటోళ్ళ మింద నోరు పారేసుకునేది బేడ, వద్దు. పో, నీ ఇంట్లో దీపం పెట్టుకో."

కొట్రమ్మ దీపం పెట్టుకోవడానికి చాలా తొందరగా పోయింది.

అక్కడితో లక్ష్మీకాంతమ్మ గండం గడిచింది. ఊరి సంగతి తేలిపోయింది, పుట్టిల్లు నిలిచింది. ఇంక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. తెలివైనదైతే నోరు మూసుకునేది. కానీ పటం ముందు కూర్చుని, ఆ మామిడిపండు రంగు చీరకు పసుపు పెడుతున్న పంపమ్మను చూస్తే ఆమెకు ప్రాణం పట్టలేదు. తనను కాపాడిన మనిషినే తను మోసం చేస్తోంది. ఆ దుఃఖం బావి సీనుకన్నా భయంగా ఉంది.

"అమ్మా, ఆ కథ అక్క రాయలేదు. నేను రాసినా. కొత్తది కదా అని ముందు అక్క పేరు పెట్టినా. నా కథలో బావి లేదు, ఆ పిల్ల చెయ్యిని చూసి మడత నేర్చుకుంటుంది, అంతే. నన్ను ఏమన్నా అను."

పంపమ్మ చెయ్యి చీర మీదే ఆగింది. తర్వాత అడిగిన మాట లక్ష్మీకాంతమ్మ ఎదురుచూసినది కాదు.

"ఎడమ చెయ్యి సంగతి నీకెవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పలే. నేనే కల్పించినా."

"కొంగు లోపలికి పెట్టేది?"

"అదీ కల్పించిందే."

పంపమ్మ గోడకు ఆనుకుంది. మాటలు ఒక్కొక్కటే పైకి తెచ్చింది.

"అది పుట్టు ఎడమచేతి వాటం. అన్నం తినేదీ, ముగ్గేసేదీ, అన్నీ ఎడమ చేత్తోనే. ఆడపిల్లకి ఎడమ వాటం ఉంటే ఎవరు చేసుకుంటారే? మా ఊర్లో నలుగురు చూస్తారని తిడితి, కొడితి. ఆరేండ్లప్పుడు ఒకనాడు అట్లకాడ కాల్చి ఆ అరిచేతిలో వాత పెడితి. అప్పట్నుంచి అందరి ముందర కుడిచెయ్యే. ఎవరూ లేనప్పుడు తలుపేసుకుని చీరలు మాత్రం ఎడమ చేత్తోనే మడుస్తాండె, కొంగు లోపల దాచి. నేను తలుపు సందులోంచి చూసినా. చూసి, ఏమీ అనలేకపోతి. ఈ మాట వాళ్ళ నాయనకి తెలీదు. అల్లుడికి తెలీదు. నాకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలీదు."

తలుపు సందులోంచి చూడడం కూడా లక్ష్మీకాంతమ్మ కథలో ఉంది.

"మరి నువ్వు రాసినావా, అది రాసినాదా?" అంది పంపమ్మ. కోపం లేదు, నిలదీయడం కాదు. తెలుసుకోవాలని అడుగుతోంది.

ఒక్క నిమిషం కిందట లక్ష్మీకాంతమ్మకు ఇది తెలుసు. నేను రాశాను అని నోరారా చెప్పింది. ఇప్పుడు వెతుకుతుంటే, ఆ మధ్యాహ్నం, ఉయ్యాల చప్పుడు, పద్దు పుస్తకం, కలం, అన్నీ ఉన్నాయి. కలం పట్టిన చెయ్యి మాత్రం ఎంతకూ కనబడడం లేదు.

"తెలీదమ్మా. నిజంగా తెలీదు" అంది.

పంపమ్మ తలూపింది. పటం ముందరి చీర తీసి విప్పి ఆమె చేతికిచ్చింది.

"కథలో ఆ పిల్ల మడత నేర్చుకునింది అంటివి కదా. మడువు, చూస్తా."

లక్ష్మీకాంతమ్మ ఆ మడతను ఎప్పుడూ మడవలేదు, రాసింది అంతే. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చీర అంచు పట్టుకుంది. కుడిచేత్తో ఒకసారి వేసింది, అంగడి మడతే వచ్చింది. విప్పింది. ఎడమ చేత్తో కొంగు కొస పట్టుకుంది. అది లోపలికి పోయింది. తర్వాత చెయ్యి ఆగలేదు. ఒక మడత, ఇంకో మడత, అంచు మీద అంచు, తొందర లేకుండా. చూస్తుండగానే చీర ఒళ్ళో చిన్న దిండులా అమరింది, కొంగు ఎక్కడా కనబడలేదు. లక్ష్మీకాంతమ్మ తన ఎడమ చెయ్యిని తనే వింతగా చూసుకుంది. భయంగా కూడా ఉంది.

పంపమ్మ లేచి వంటింట్లోకి పోయింది. ఉట్టి మీద గిన్నె దించిన చప్పుడైంది. వెన్నముద్ద వేళ్ళ మీద పెట్టుకుని వచ్చి, లక్ష్మీకాంతమ్మ ఎదురుగా కూర్చుని, ఆ ఎడమ చెయ్యిని ఒళ్ళోకి లాక్కుని, అరచేతిని విప్పింది. ఆ అరచేతిలో ఏ మచ్చా లేదు. అయినా పంపమ్మ సరిగ్గా నడిమధ్య, వాత పెట్టిన చోట, వెన్న రాసింది. కాలిన చోట రాసినట్టే, నొప్పి తగలకుండా, ఊదుకుంటూ రాసింది.

"మండుతాందా తల్లీ?" అంది.

ఎవరిని అడుగుతోందో లక్ష్మీకాంతమ్మకు తెలియలేదు. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"లేదమ్మా" అంది. "తగ్గింది."